దర్శి సీమ: నేల మేలు, నీటి కీడు

ఒంగోలునకు వాయవ్యమున, తీరపు పచ్చదనము తగ్గి మెట్టపొలములు మొదలైనచోట దర్శి కలదు. చుట్టును ఒకచో నల్లరేగడి, మరియొకచో ఎఱ్ఱనేల. నడుమ నడుమ రాళ్లు తేలిన గుట్టలు. సంక్రాంతి వెళ్లిన పిదప ఈ సీమలోనికి వచ్చువారికి కల్లములలో ఆరబోసిన మిరపపండ్లు, విచ్చిన ప్రత్తికాయలు, కోతకు వచ్చిన కందిచేలు, పొగాకు బ్యారనులు కనుపట్టును. పూర్వము జొన్నయు, సజ్జయు ఇచటివారి ముఖ్యాహారము. కష్టించువారికి ఈ నేల కూడు పెట్టినది. అయితే ఇచటి బ్రతుకును నిర్ణయించినది నేల కాదు, నీరు.

ఈ ఊరు ప్రాచీనమైనది. ఇచట లభించిన రాగిరేకు శాసనశకలమొకటి పల్లవరాజుల నాటిది. అందు వీరకూర్చవర్మ పేరును, శాసనము వెలువడిన స్థలముగా దశనపురము పేరును కలవు. ఆ దశనపురమే నేటి దర్శియని శాసన పరిశోధకులు కొందరు తలంచిరి. చేరువనున్న అద్దంకిలో క్రీ.శ. 848 నాటి పండరంగని పద్యశాసనము దొరకినది. పదునాల్గవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి తన రాజ్యమునకు మొదట రాజధానిగా చేసికొన్నదియు ఆ అద్దంకినే. ఆంగ్లేయుల కాలమున దర్శి, పొదిలి ప్రాంతములు వెంకటగిరి జమీనునకు చెంది, నెల్లూరు జిల్లాలో ఉండెడివి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడగా దర్శి అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి.

ఇంత చరిత్ర కలిగియు ఈ ఊరికి నది లేదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము చెరువును నింపి, మార్కాపురము, అద్దంకి ప్రాంతముల మీదుగా సముద్రమును చేరును గాని దర్శి చెంతకు రాదు. వాన కురిసిన ఏడు చెరువులు నిండును; కురియని ఏడు బావులే దిక్కు. రైతు రాతినేలను తొలిచి బావి త్రవ్వుకొని, కపిల కట్టి, ఎడ్లచేత నీరు తోడించెడివాడు. ఆ నీటినే పైరు త్రాగెను, ఎడ్లు త్రాగెను, ఇంటిల్లిపాదియు త్రాగిరి.

1930 దాటిన తొలి ఏండ్లలో, దుక్కిటెడ్లు కీళ్లు బిగిసి కుంటుచు, కాడి మోయలేక చతికిలబడుట రైతులు గమనించిరి. కొలది ఏండ్లకు ఆ బిగువే మనుష్యులలోను కనబడెను. మెడ వంగదు, నడుము తిరుగదు, వెన్ను కొయ్యబారును. కష్టించి పని చేయవలసిన వయస్సుననే మనిషి చేతికఱ్ఱకు దాసుడగును.

1937లో మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి షార్టు, ఆయన సహచరులు పండిట్, రాఘవాచారి మొదలైనవారు ఈ వ్యాధిని గూర్చి వైద్యపత్రికలలో ప్రకటించిరి. ఎక్స్‌రే నిపుణుడగు బర్నార్డు కూడ ఈ పరిశోధనలో పాల్గొనెను. రోగుల ఎముకలు మితిమీరి దట్టమైనవి. వెన్నుపూసలను కట్టియుంచు బంధములు సున్నముపట్టి గట్టిపడినవి. దీనికి కారణము బావినీటిలోని ఫ్లోరైడు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములే ఆనాటి పరిశోధనకు క్షేత్రములు. త్రాగునీటిలోని ఫ్లోరైడు మనిషి ఎముకలను చెఱచునని మన దేశమున మొదట తెలిసినది ఇచటనే.

ఇతర దేశములలో దీని ఛాయలు అంతకుముందే కనబడినవి. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున జనుల పండ్లపై గోధుమరంగు మచ్చలను మెకే అను దంతవైద్యుడు 1901లో గమనించెను. వానికి కారణము నీటిలోని ఫ్లోరినేయని చర్చిల్ అను రసాయనజ్ఞుడు 1931లో తేల్చెను. డెన్మార్కులో క్రయొలైటు ఖనిజపు దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడుట 1932లో వెల్లడియయ్యెను. కొలరాడోలో అది పండ్లమచ్చ. డెన్మార్కులో అది కార్ఖానాజబ్బు. దర్శి సీమలోనో, అది ఊరిబావినుండి ప్రతి యింటికిని కడవలతో నడచివచ్చినది.

నేల అడుగుననున్న గ్రానైటు జాతి రాళ్లలో ఫ్లోరిను గల ఖనిజములు కలవు. వాననీరు ఇంకి, ఏండ్ల తరబడి ఆ రాళ్ల నడుమ నిలిచి, వానిని కొంచెము కొంచెముగా కరిగించుకొనును. క్షారగుణము హెచ్చి కాల్షియము తగ్గిన నీటిలో ఫ్లోరైడు మరింతగా చేరును. లీటరు నీటిలో ఇది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశ ప్రమాణము 1 మిల్లీగ్రామునే కోరుచు, వేరు ఆధారము లేనిచో 1.5 వఱకు అనుమతించుచున్నది. ఆ మోతాదులో దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినచో నీటిలోని క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. తేటనీరే మంచినీరను పెద్దల అనుభవము ఇచట మోసపోయెను.

కారణము తెలిసిన తరువాత కాలువ నీరు కదలుటకు ముప్పది ఏండ్లు పట్టెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. 203 కిలోమీటర్ల కుడికాలువయు, దాని శాఖలును క్రమముగా ఈ మెట్టను చేరెను. దర్శి పేరనే ఒక శాఖాకాలువ కలదు. జొన్న పండిన చోట వరి పండెను. నదినీటిలో ఫ్లోరైడు స్వల్పము గనుక, ఆ నీటిని చెరువులలో నిలువచేసి, వడకట్టి త్రాగిన ఊళ్లకు రక్షణ కలిగెను. కాని కృష్ణలో వరద చాలని ఏడు కాలువ చివర ఎండును. అప్పుడు మరల బోరులే గతి. బోరు లోతుకు పోయిన కొలది, రాతితో పెక్కేండ్లు కలిసియున్న నీరు పైకి వచ్చును.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనువారు ఆంధ్రప్రదేశ్ ఫ్లోరైడు ప్రాంతములలో పిన్నవయస్కుల మోకాళ్లు లోనికి వంగు వికృతిని వర్ణించిరి. కాల్షియము చాలని ఆహారము ఈ కీడును పెంచునని పరిశోధకులు గుర్తించిరి. నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నములతో నీటిలోని ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించెను. అది నల్గొండ పద్ధతిగా పేరొందినది.

ఒకమారు బిగిసిన వెన్నును మరల వంచగల మందు లేదు, నివారణమే మార్గము. అయితే వెన్ను బిగియుటకు ఎన్నో ఏండ్ల ముందే పండ్లు హెచ్చరించును. పాలపండ్లు ఊడిన పిదప వచ్చు క్రొత్తపండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలును, పసుపు, గోధుమరంగు చారలును కనబడును. దశనమనగా దంతము. దశనపురమను పేరునకును ఈ వ్యాధికిని సంబంధము లేకపోవచ్చును. కాని ఈ సీమ నీటి చరిత్ర పిల్లల పండ్లమీదనే వ్రాయబడియున్నది. దానిని మొదట చదువగలవారు వైద్యులు కారు, బడిలోని గురువులు. ఒక తరగతిలో పలువురి పండ్లు అట్లున్నచో, సరిగా తోముకొనలేదని మందలించుటకు ముందు, వారు ఏ బావినీరు, ఏ బోరునీరు త్రాగుచున్నారో విచారింపవలెను. ఆ మచ్చ పిల్లవాని మురికి కాదు. ఒక సీసాడు నీరు పట్టి పరీక్షకు పంపుట చిన్నపనియే. దానివలన ఆ బావిని విడిచి వేరొక నీటిని వెదకుకొనుటకు ఊరికి ఇంకను వ్యవధి దొరకును.