సెల్ఫ్ తిరుగుతుంది, నిప్పు పుట్టదు

బోర్డులు కన్నడంలో, మాటలు తెలుగులో నడిచే ఊళ్లు బాగేపల్లి, చింతామణి. ఆ తాలూకాల్లో పాత పద్మినో అంబాసిడరో దారిలో ఆగిపోతే మెకానిక్‌తో చెప్పే మాట ఇది: "సెల్ఫ్ తిరగతాంది అన్నా, స్టార్ట్ అయితా లేదు." ఈ ఒక్క మాటతో సగం జబ్బు తెలిసిపోతుంది. సెల్ఫ్ తిరుగుతోందంటే బ్యాటరీలో ప్రాణం ఉంది, స్టార్టర్ మోటార్ బాగుంది. ఇక మిగిలింది పెట్రోల్ అందకపోవడం, నిప్పు పుట్టకపోవడం, పుట్టినా వేళ తప్పి పుట్టడం. పాత బండ్లలో నేను ముందు అనుమానించేది నిప్పునే.

ఆ నిప్పును కారులో ఈ తీరుగా అమర్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. అంతకుముందు అయస్కాంతంతో తామే కరెంట్ పుట్టించే మాగ్నెటోలు ఉండేవి; 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ చేసిన హైవోల్టేజి మాగ్నెటో అప్పట్లో గొప్ప ముందడుగు. కెటరింగ్ బ్యాటరీ, తీగచుట్టల కాయిల్, కలుస్తూ విడిపోయే పాయింట్లతో వేరే పద్ధతి కట్టాడు. 1910 మోడల్ కాడిలాక్ కార్లలో అది వచ్చింది. రెండేళ్లకు, 1912 కాడిలాక్‌లో, ఆయన సెల్ఫ్ స్టార్టర్ కూడా వచ్చింది. అంతదాకా ఇనుప హ్యాండిల్ చేత్తో తిప్పాలి. ఇంజిన్ ఎదురుతన్నితే మణికట్టు విరిగేది. కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో డబ్బులు లెక్కపెట్టే యంత్రాలకు మోటార్ చేసినవాడు. కొన్ని క్షణాలే పనిచేసే మోటారుకు దాని స్తోమతకు మించిన కరెంట్ ఇచ్చినా కాలిపోదని అక్కడే నేర్చాడు. స్టార్టర్‌కు మూలం ఆ తెలివే.

బాగేపల్లి, చింతామణి ఉన్న చిక్కబళ్లాపురం జిల్లాలోనే ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య అదే 1912లో మైసూరు దివాన్ అయ్యారు. ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్ర గ్రామం. ఆనకట్టల మనిషిగానే ఆయన్ను తలుచుకుంటాం కానీ, మన దేశంలో కార్లు తయారు కావాలని పట్టుబట్టి తిరిగిన తొలి పెద్దల్లో ఆయన ఒకరు. 1935లో, డెబ్బై దాటిన వయసులో, కార్ల పరిశ్రమను చూసి రావడానికి యూరప్, అమెరికా వెళ్లారు. బెంగళూరులో కర్మాగారం పెట్టాలన్న ఆలోచనకు అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడింది. ఆ ప్రయత్నంలో ఆయనతో నడిచిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. తర్వాతి కాలంలో పద్మిని అక్కడే తయారైంది. ఈ జిల్లా మనిషి కన్న కల వేరే ఊళ్లో ఫలించి, పద్మిని రూపంలో ఈ జిల్లా రోడ్ల మీదికే వచ్చిందని నేను ఇష్టంగా చెప్పుకుంటాను.

ఇప్పుడు మూత తీసి చూద్దాం. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు మొనల మధ్య గాలిని చీల్చి నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ మార్పు ఎలా జరుగుతుందో బోరు నీళ్లతో పొలం పారించేవాళ్లకు తేలిగ్గా తెలుస్తుంది. పైపులో నీళ్లు వడిగా పోతుండగా వాల్వ్ ఒక్కసారిగా మూసేయండి: పైపు దడాలున అదురుతుంది. పరుగు మీదున్న నీటికి ఆగడం ఇష్టం ఉండదు. కాయిల్‌లోని కరెంట్‌ది అదే స్వభావం. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు తీగచుట్టలో కరెంట్ పారి అయస్కాంత బలం నిండుతుంది. పాయింట్లు టక్కున విడిపోగానే ఆ బలం కూలి, పక్కనున్న సన్న తీగచుట్టలో, దాని చుట్లు వేలల్లో ఉంటాయి కాబట్టి, 20,000 వోల్టుల దాకా లేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకు వందసార్లు విడిపోవాలి. ఆ రెండు లోహపు చుక్కలు ఎంత చాకిరీ చేస్తాయో చూడండి.

విడిపోయే క్షణంలో పాయింట్ల మధ్యే మెరుపు దూకి లోహాన్ని కాల్చకుండా కాపాడేది కండెన్సర్. వేలెడంత కూడా ఉండని డబ్బా. వేడెక్కినప్పుడు చచ్చి, చల్లారాక బతికే కండెన్సర్లు ఉంటాయి. అరగంట చెట్టు కింద నిలిపితే తనంతట తానే స్టార్టయ్యే బండిలో నేను ముందు చూసేది దాన్నే. ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బొడిపె కనబడినా కండెన్సర్‌నే శంకించాలి.

దారిలో చేయాల్సిన పరీక్ష పెద్దదేం కాదు. ఒక ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిసి వాసన కొడితే పెట్రోల్ వచ్చింది, నిప్పు రాలేదు. లేదా చోక్ ఎక్కువై ఇంజిన్ పెట్రోల్‌తో నిండింది. నిప్పు చూడాలంటే ప్లగ్గును దాని తీగకు తగిలించి, తొడుగున్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, ప్లగ్గు ఇనుప ఒళ్లు ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. చుట్టూ పెట్రోల్ తడి, ఆవిరి ఉండకూడదు. ఎలక్ట్రానిక్ బండ్లలో ఈ పని చేయకండి. నీలంగా, టప్‌మని శబ్దంతో దూకితే మంచి నిప్పు. ఎర్రగా, నీరసంగా ఉంటేనో అసలు లేకపోతేనో పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి తేమ, పగులు చూసి, పాయింట్లను శుభ్రంగా గీకి, అవి పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య దాదాపు 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టాలి. ప్లగ్గు తీగలు విప్పితే సిలిండర్లలో నిప్పు పుట్టే 1-3-4-2 వరుస తప్పకుండా తిరిగి పెట్టాలి.

నీరసపడ్డ బ్యాటరీతో ఇంకో చిక్కుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు కరెంటంతా అదే లాగేసుకుంటే కాయిల్‌కు మిగిలేది తక్కువ. అలాంటి బండి సెల్ఫ్‌కు లొంగక నలుగురు నెడితే లొంగుతుంది. ఏప్రిల్, మే ఎండల్లోనైతే పెట్రోల్ గొట్టంలోనే ఆవిరై పంపుకు అందదు. పంపు మీద తడిగుడ్డ వేయడం డ్రైవర్ల పాత వైద్యం, అది నిజంగా పనిచేస్తుంది.

2000లో దేశమంతటా పొగ నిబంధనలు బిగిశాక కొత్త కార్లలో కార్బురేటర్ల కాలం ముగిసింది. పాయింట్ల చోటు ఎలక్ట్రానిక్స్‌కు పోయింది. కొత్త పద్ధతి మంచిదే, పెట్రోల్ ఆదా, పొగ తక్కువ. అయినా ఒక మనిషి కంటితో, ముక్కుతో, చెవితో జబ్బు పట్టుకోగలిగిన యంత్రం పాతదే. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే డ్యాష్‌బోర్డు అరలో ఒక పాయింట్ల సెట్టు, ఒక కండెన్సర్ ఉంచుకోండి. ఊళ్లో పాత మేస్త్రీ ఇంకా పని చేస్తుంటే, ఆ సందు ఎలా పెడతారో ఆయన దగ్గర కూర్చుని ఈ ఏడాదే నేర్చుకోండి.