అమ్మ వేయించిన పల్లీలకు ధర ఎంత?

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మూడు కిలోల టమాటాలు అడిగితే హోల్‌సేల్ వాళ్లు ఇవ్వరు. ‘పెట్టె లెక్కన తీస్కోండ్రి బిడ్డా’ అంటారు. మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ సంగతి బడిలో ఫన్ ఫెయిర్ ముందురోజు తెల్లవారుజామున తెలిసింది. ముంత మసాలా స్టాల్‌కు కావలసింది మూడు కిలోలు, పెట్టెలో ఉన్నవి పాతిక. కాసేపు గొణుక్కుని, భేల్‌పూరి స్టాల్ వాళ్లకూ శాండ్‌విచ్ వాళ్లకూ ఇద్దరు ముగ్గురు తల్లులకూ ఫోన్లు చేసి పెట్టెను పంచుకున్నారు. హోల్‌సేల్ అంటే ఏమిటో లెక్కల టీచర్నయిన నేను బోర్డు మీద ఇంతకంటే బాగా చెప్పలేను.

ఎనిమిదో తరగతి పాఠంలో లాభనష్టాలు ఉన్నాయి. అక్కడ కొన్నవెల, అమ్మినవెల రెండూ పుస్తకమే ఇచ్చేస్తుంది. స్టాల్ దగ్గర ఆ రెండంకెలనూ పిల్లలే వెతుక్కోవాలి. అసలు కష్టమంతా అక్కడే, తర్వాత మిగిలేది ఉత్త తీసివేత.

చాలా బడుల్లో ఇప్పుడు కూపన్లు పెడుతున్నారు. డబ్బు చేతులు మారదు, గొడవ ఉండదు. నాకది నచ్చదు. గొడవ లేకపోతే ఇక స్టాల్ దేనికి? పోట్లాడి మరీ నగదు పెట్టించాను. మొట్టమొదట వచ్చిన ఒక నాన్నగారు ఇరవై రూపాయల ప్లేటుకు ఐదు వందల నోటు తీశారు. క్లాసులో మొదటి ర్యాంకు కుర్రాడు ‘చిల్లర లేదంకుల్’ అనేశాడు. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. ‘బోణీ బేరం తిప్పి పంపుతార్రా?’ అని వాణ్ని కసిరి, నాలుగు స్టాళ్లు తిరిగి చిల్లర తెచ్చింది. వాళ్లమ్మ తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతుంది. ఏడు ప్లేట్లకు నూటనలభై, ఐదు వందల్లోంచి పోతే మూడు వందల అరవై. ఈ లెక్కలు ఆ పిల్ల నిమ్మకాయ పిండుతూనే చెప్పేస్తోంది. క్లాసులో కాగితం మీద భాగహారం ఇస్తే మాత్రం పెన్ను నములుతూ కూర్చుంటుంది.

ఇది మా బడిలో మాత్రమే కనిపించే వింత కాదు. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పిన పిల్లలు, అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. ఒక్కోటి 35 చొప్పున పది కొబ్బరికాయలెంత అని పన్నెండేళ్ల కుర్రాణ్ని అడిగితే వాడు సున్నా చేర్చలేదు. మూడింటికి 105, ఇంకో మూడింటికి 210 అంటూ మూడేసి లెక్కన 315 దాకా వెళ్లి, ఇంకొకటి కలిపి 350 అన్నాడు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో చేసిన పరిశోధన 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అమ్మే పిల్లలకు బడి లెక్కలు కష్టమయ్యాయి, బడి పిల్లలకు బజారు లెక్కలు కష్టమయ్యాయి. ఏడాదికొక్క స్టాల్‌తో ఈ రెండూ కలిసిపోతాయని నేననను. కనీసం ఆ ఒక్కపూట మొదటి ర్యాంకు కుర్రాడు ఆ అమ్మాయి వైపు చూసే చూపు మారింది.

మధ్యాహ్నం మూడు దాటేసరికి తరిగిన టమాటా నీరు కారింది, మరమరాలు మెత్తబడ్డాయి. ఇరవైకి అమ్మినదాన్ని పదికి ఇవ్వాలా వద్దా అని పెద్ద చర్చ. ‘పొద్దున కొన్నవాళ్లు తిడతారు’ అన్నాడొకడు. ‘సాయంత్రానికి ఎలాగూ పారబోయాల్సిందే కదా’ అన్నాడింకొకడు. పదికే అమ్మారు. బోయిన్‌పల్లి మార్కెట్ వాళ్లదీ రోజూ ఇదే తంటా. అక్కడ మిగిలిన చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. దాని సాంకేతికత మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల దాకా వస్తోందని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో కూడా చెప్పారు.

మర్నాడు క్లాసులో లెక్క తేల్చాం. చాలా బడులు వదిలేసేది ఈ భాగాన్నే. ఫొటోలు దిగి, ఎక్కువ లాభం వచ్చిన స్టాల్‌కు కప్పు ఇచ్చి ఊరుకుంటారు. మావాళ్ల అమ్మకం 1,940, ఖర్చు 860, లాభం 1,080 అని బోర్డు మీద గర్వంగా రాశారు. ఇంట్లోంచి తెచ్చిన పల్లీలు, నూనె, మసాలా ఎవరివని అడిగాను. అవి 240. ఆటో 160. నాన్నలు కట్టిన స్టాల్ ఫీజు 300. లాభం 380కి దిగింది. ఐదుగురికి తలా 76.

అప్పుడొక కుర్రాడు లేచి, ‘మేడమ్, అమ్మ రాత్రి పల్లీలు వేయించి, ఉల్లిపాయలు తరిగింది. దానికెంత రాయాలి?’ అన్నాడు. ‘అమ్మకు డబ్బులేంట్రా!’ అని వెనక బెంచీ నవ్వింది. బండి వాళ్ల అమ్మాయి నవ్వలేదు. ‘మా అమ్మ కూడా తన కూలి రాసుకోదు మేడమ్. అందుకే మిగిలినట్టు కనిపిస్తది’ అంది.

దేశం లెక్క కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు అందులోనే గడిపారు. అదే పని చేసే మగవాళ్లు గడిపింది 97 నిమిషాలు. స్థూల జాతీయోత్పత్తిలో ఆ నిమిషాలు కనిపించవు. మా పిల్లలు టిఫిన్ సెంటర్‌లో తరిగే ఆమెకు గంటకెంత పడుతుందో కనుక్కొచ్చి, ఐదుగురు అమ్మల గంటలూ కలిపారు. స్టాల్ నష్టంలోకి వెళ్లింది.

ఎక్కువ లాభానికి కప్పు ఇస్తే, అమ్మ ఖర్చును బాగా దాచినవాళ్లకే అది దక్కుతుంది. ఇక వచ్చిన డబ్బు దేనికన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాద్‌కు స్టాళ్లు కొత్త కాదు, చదువుకున్నవాళ్లు పెట్టడమూ కొత్త కాదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ మొదలుపెట్టింది ఉస్మానియా పట్టభద్రులే. అప్పటి హైదరాబాద్ సంస్థాన ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టడం వాళ్ల ఉద్దేశం. ఇప్పుడు నాంపల్లిలో జరిగే ఆ ప్రదర్శన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. డబ్బు దేనికన్నది అక్కడ ముందే తేలిపోయింది. మావాళ్లు మాత్రం చేతిలో మిగిలిన ఆ 380తో ఏం చేయాలో ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

వచ్చే ఏడు లాభానికి కాకుండా సరైన లెక్కకు కప్పు ఇద్దామని స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. దానికింకా ఒప్పుకోలేదు. స్టాల్ ఫీజు మాత్రం వంద తగ్గిస్తామన్నారు.