అద్దె ఇంటి తలుపుల రంగు – పసిపిల్లలకు సీసం ముప్పు

అద్దె ఇల్లు చూసేటప్పుడు నీళ్ళు, కరెంటు, గాలి, వెలుతురు చూస్తాము. తలుపులు, కిటికీల మీది రంగును ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో పసిపిల్లలుంటే దానినీ తప్పక చూడాలి.

రంగులో సీసం ఎందుకు?

రంగు మెరవడానికి, త్వరగా ఆరడానికి ఎనామిల్ రంగులలో సీసం కలిపేవారు. పసుపు, ఎరుపు, నారింజ రంగులలో ఇది ఎక్కువ. మన దేశంలో 2017 నవంబరు 1 నుండి ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. అంతకు ముందు వేసిన రంగులో చాలా ఎక్కువ ఉండవచ్చు. గోడకు వేసే వట్టి సున్నంతో ఈ భయం లేదు.

పిల్లలకు ఏమవుతుంది?

అడవులదీవి, నిజాంపట్నం వంటి సముద్రపు దరి ఊళ్ళలో ఉప్పుగాలికి, తేమకు రంగు త్వరగా పెచ్చులూడుతుంది. ఆ పొడి నేలమీద పడుతుంది. పాకే పిల్లలు ఆ చేతులనే నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసం పెద్దల కంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. రక్తహీనత వస్తుంది, తెలివి, ఏకాగ్రత తగ్గుతాయి. మెదడుకు జరిగిన నష్టాన్ని మందులు సరిచేయలేవు. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైకి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. రక్తపరీక్షతోనే తెలుస్తుంది.

ఇంటి యజమాని బాధ్యత ఏమిటి?

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇంటిని అద్దెకిచ్చేవారు, సీసం రంగు గురించి తమకు తెలిసినది ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, అద్దెకు వచ్చేవారు మామూలుగా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసివుంటే యజమాని చెప్పాలి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో, వేరే ఒప్పందం లేకపోతే తలుపులు, కిటికీలకు రంగు వేయించడం యజమాని పనే. అది నమూనా మాత్రమే కనుక ఆ మాటను మీ అద్దె పత్రంలో రాయించుకోండి.

మీరు చేయవలసినవి

• ఇంట్లో చేరకముందే పెచ్చులూడిన చోట్లు యజమానికి చూపించండి. తరువాత ఊడితే కాగితం మీద రాసి ఇచ్చి, నకలు దాచుకోండి.
• పాత రంగును పొడిగా గీకనివ్వవద్దు, కాల్చనివ్వవద్దు. తడిపి గీకాలి. పని ముగిసి ఇల్లు శుభ్రమయ్యేవరకు పిల్లలు, గర్భిణీలు అక్కడ ఉండరాదు.
• ఆ దుమ్మును చీపురుతో ఊడ్చవద్దు. తడిగుడ్డతో తుడవండి.
• అన్నానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి.
• ఆకుకూరలు, రాగిజావ, పాలు పెట్టండి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది.
• బిడ్డ రంగు పెచ్చులు తింటుంటే డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి.

అడిగితే ఖాళీ చేయమంటారేమోనని చాలామంది జంకుతారు. నెమ్మదిగా విషయం వివరించండి. ఆ దుమ్ము రంగు వేసే పనివారికీ, సెలవులకు వచ్చే యజమానిగారి మనవలకూ హానిచేసేదే.