గో పక్కకి వెంట్ ఎలా వచ్చింది?

ప్లే – ప్లేడ్, వాక్ – వాక్డ్ అని నేర్చుకున్న ఆరో తరగతి తమ్ముళ్ళు గో – గోడ్ అంటున్నారు. స్టడీ అవర్లో అందరూ ఘొల్లున నవ్వుతున్నారు. ఒక తమ్ముడైతే ఇంగ్లీషు పుస్తకం పైకి చదవడమే మానేశాడు. నవ్వేవాళ్ళు ముందు ఈ క్రియ సంగతి వినండి.

వెంట్ అసలు గో ఇంటిది కాదు. వెండ్ అని వేరే క్రియ ఉండేది. దానికి మొదట తిరగడం అనీ, తర్వాత దారి పట్టి పోవడం అనీ అర్థం. సెండ్ – సెంట్, లెండ్ – లెంట్, బెండ్ – బెంట్ చదువుకున్నాం కదా, అలాగే వెండ్ – వెంట్. వెయ్యేళ్ళ కింద ఇంగ్లీషువాళ్ళు గో కి భూతకాలంగా ఏఓదె అనేవారు. అదీ గో ని ఏమాత్రం పోలి లేదు! 1500 నాటికి ఏఓదె మూలపడింది, దాని చోట వెంట్ వచ్చి కూర్చుంది. గాన్ మాత్రం గో సొంతదే.

స్కాట్లాండువాళ్ళు ఇంకోలా చేశారు. వాళ్ళు గో ని గే అంటారు. దాని చివర డ్ చేర్చి గేడ్ అనేశారు. మన తమ్ముడు చేసింది కూడా అదే పని!

మన తెలుగు తక్కువేం కాదు. వచ్చాడు, వస్తాడు అంటాం. పిలిచేటప్పుడు మాత్రం రా అంటాం, రాలేదు అంటాం. ఇంట్లో వేరే భాష మాట్లాడి బడికొచ్చినవాళ్ళకి మొదట్లో ఇదీ తికమకే.

ఇక వాడుక. డిడ్ లోనే భూతకాలం ఉంది, అందుకని ఐ డిడ్ నాట్ గో అనాలి, అక్కడ వెంట్ రాస్తే మార్కు పోతుంది. హి హ్యాజ్ గాన్ టు పాడేరు అంటే వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. హి హ్యాజ్ బీన్ టు పాడేరు అంటే వెళ్ళి వచ్చేశాడు. వార్డెన్ గారి రిజిస్టరులో ఈ రెండూ తారుమారైతే రాత్రంతా టార్చిలైట్లతో వెతకాల్సిందే!

ది లైట్స్ వెంట్ అవుట్ అంటే లైట్లు ఆరిపోయాయని, మనం కరెంటు పోయింది అన్నట్టే. ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్ అంటే మాత్రం వాన ఎక్కడికీ పోవట్లేదు, రాబోతోంది.

కువి, కోయ, సవర భాషల్లో వెళ్ళు, వెళ్ళాడు అనేవి ఎలా అంటారో తెలిసినవాళ్ళు కింద ఖాళీ వదిలిన చోట రాయండి. పెన్సిలు దారంతో కట్టి ఉంది, పట్టుకుపోవద్దు.