టాస్క్ ఫ్రాడ్

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇళ్లలో ఉండి నాలుగు రాళ్లు సంపాదిద్దామనుకునే గృహిణులు, విద్యార్థుల ఫోన్ల మీద పడే వల ఇది. ఆన్‌లైన్‌లో సర్వేలు నింపినందుకు డబ్బివ్వడం అబద్ధమేం కాదు. కానీ వచ్చేది చిల్లరే. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇచ్చేది నగదు కూడా కాదు, ప్లే స్టోర్ బ్యాలెన్స్.

టాస్క్ ఫ్రాడ్‌లో మాత్రం మొదట డబ్బు నిజంగానే పడుతుంది. అదే ఎర. వీడియోకు లైక్, హోటల్‌కు ఐదు స్టార్ల రివ్యూ, ఖాతాలో నూటయాభయ్యో రెండొందలో. ఆపైన టెలిగ్రామ్ గ్రూపు, 'ప్రీపెయిడ్ టాస్క్'. వెయ్యి కడితే పదమూడొందలు! అక్కణ్నుంచి లాభం స్క్రీన్ మీదే. తీసుకోబోతే 'ఇంకో టాస్క్ చేయండి', 'ట్యాక్స్ కట్టండి'. గ్రూపులో 'నాకొచ్చాయండీ' అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు చాలావరకు మోసగాళ్ల ముఠా వాళ్లే.

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన రూ.712 కోట్ల మోసం మొదలైందీ రివ్యూలతోనే. ఫిర్యాదుదారు ఒక్కరే రూ.28 లక్షలు పోగొట్టుకున్నారు. సొమ్ము షెల్ కంపెనీల ఖాతాలు దాటి క్రిప్టోగా మారింది. ఇలా సొమ్ము దాటించడానికి తమ ఖాతా అద్దెకిచ్చినవాళ్లూ కేసుల్లో ఇరుక్కుంటారు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. లావాదేవీ నంబరు చెబితే, ఇంకా చేతులు మారని మొత్తాన్ని బ్యాంకు ఆపగలదు.