మాల లేని దీక్ష

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లలో ఒక వింత చూస్తాం. ఏడాది పొడవునా ఏడున్నరకు గానీ దుప్పటి తీయని మనిషి తెల్లవారుజామున నాలుగింటికే లేచి చన్నీళ్లు నెత్తిన పోసుకుంటాడు. సిగరెట్టు ముట్టడు. చెప్పుల్లేకుండానే ఆఫీసుకు వెళ్తాడు, రాత్రి చాప మీద పడుకుంటాడు. ఇలా 41 రోజుల అయ్యప్ప దీక్ష. ఆపైన ఇరుముడి నెత్తిన పెట్టుకుని పంప నుంచి శబరిమల సన్నిధానం దాకా నీలిమల ఎక్కి వస్తాడు. మాల తీసిన వారానికి ఆ ఇంటికి వెళ్లి చూడండి. అలారం మోగుతూ ఉంటుంది, ఆయన ముసుగుతన్ని పడుకునే ఉంటాడు.

ఈ మనిషికి పట్టుదల ఉన్నట్టా, లేనట్టా? ‘రోజూ అరగంట నడవండి’ అని డాక్టరు చెబితే ‘మనవల్ల కాదండీ, అంత పట్టుదల లేదు’ అనేదీ ఈయనే. షుగర్ రిపోర్టు చూసి బెదిరిపోయి షూ కొంటాడు, నాలుగు రోజులు నడుస్తాడు, ఐదో రోజు వాన పడుతుంది. ఆ షూ తర్వాత పెళ్లిళ్లకు పనికొస్తుంది.

భక్తిని కాసేపు పక్కన పెట్టి ఆ దీక్షను ఎలా అల్లారో మాత్రం గమనిస్తే సంగతి తెలుస్తుంది. నిర్ణయం ఒక్కసారే, గురుస్వామి మెడలో మాల వేసిన రోజున జరిగిపోతుంది. ‘ఇవాళ స్నానం చేద్దామా, రేపు చూద్దామా’ అన్న బేరానికి ఇక తావు లేదు. నల్లబట్టలు కట్టగానే వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. ఆఫీసులో పెద్దసారు కూడా ‘స్వామీ’ అంటాడు, అలా పిలిపించుకున్నాక పాన్‌డబ్బా ముందు నిలబడటం కష్టం. సాయంత్రం పూజకు రాకపోతే నలుగురు ఫోన్ చేస్తారు. ఏది ఎలా చేయాలో తొలిసారి మాల వేసుకున్న కన్నెస్వామి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, చెప్పేవాళ్లున్నారు. ఇన్ని ఊతాలున్నప్పుడు మనసులో ఉత్సాహం ఒకరోజు పొంగినా, మరోరోజు చల్లారినా బండి నడిచిపోతుంది. మార్నింగ్ వాక్‌కు బయల్దేరాలనుకునే మనిషికి వీటిలో ఒక్కటీ లేదు. చీకట్లో, ఒంటరిగా, తనతో తానే వాదించుకుని రోజూ గెలవాలి. రోజూ గెలవడం ఎవరి తరం?

వ్యాయామం గురించి జరిగిన తొలి పెద్ద పరిశోధనల్లో ఒకదాన్ని ఈ కోణంలోంచి చదవొచ్చు. జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది ఆరోగ్యాన్ని పరిశీలించి, 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ఆ వివరాలు ప్రచురించాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లెవరూ గుండె కోసం మెట్లెక్కలేదు. పైన ప్రయాణికులున్నారు కాబట్టి ఎక్కారు. (మోరిస్ మాత్రం తన పరిశోధనను తానే నమ్మాడు. వ్యాయామం మానలేదు, 2009లో 99 ఏళ్లు దాటాక పోయాడు.) మన అమ్మమ్మలూ అంతే. బావిలో నీళ్లు తోడే ముందు ‘ఇవాళ మూడ్ ఉందా?’ అని వాళ్లను ఎవరూ అడగలేదు. పని ఒంటిని కదిలించింది. ఇప్పుడు మోటారు నీళ్లు తోడుతోంది, లిఫ్ట్ మేడెక్కిస్తోంది, కూరగాయలు గుమ్మంలోకి వస్తున్నాయి. ఒకప్పుడు పని చేయించిన కదలికను ఇప్పుడు మనసు చేయించాలి. మనసుకు ఆ ఉద్యోగం కొత్త. అవసరం లేనిదే శక్తి ఖర్చు చేయకపోవడం మనిషికి పరిణామంలో అబ్బిన గుణమని హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ 2020లో ఒక పుస్తకమే రాశాడు. కాబట్టి బద్ధకాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

డబ్బు కడితే అదే లాక్కెళ్తుందిలే అనుకునేవాళ్లు చాలామంది. జనవరిలో జిమ్ కౌంటర్ దగ్గర రద్దీ ఈ నమ్మకం మీదే. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో జిమ్ సభ్యుల హాజరు పట్టీలు తిరగేసి 2006లో ఒక పత్రం ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు నాలుగుసార్లకు కాస్త పైన మాత్రమే వెళ్లారు. అంటే అడుగుపెట్టిన ప్రతిసారీ 17 డాలర్ల పైమాటే. పదిసార్ల పాస్ కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లతో పోయేది. అక్కడివాళ్లు కొనుక్కున్నది వ్యాయామాన్ని కాదు, రాబోయే నెలలో తాము ఎలా ఉంటామో అన్న ఊహని. ‘ఏడాదికి ఒకేసారి కట్టండి, డిస్కౌంట్ ఇస్తాం’ అనే మన జిమ్ కుర్రాడికి ఈ లెక్క ఏ పత్రమూ చదవకుండానే తెలుసు.

మరి అలవాటయ్యేదాకా ఓపిక పడితే? 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. తన రోగులు మారిన ముఖానికి అలవాటుపడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ ఎక్కడో జారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి, 2010లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఒక పని అలవోకగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒకరికి 18 చాలితే, ఇంకొకరికి 254 కావాలని అంచనా తేలింది. మంచినీళ్లు తాగడం లాంటివి తొందరగా వంటబట్టాయి, వ్యాయామం మొండికేసింది. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద అడ్డు రాలేదు.

మన స్వామి సంగతి ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. 41 రోజులు తక్కువేమీ కాదు. కానీ ఆ ఉదయాన్ని నిలబెట్టినవన్నీ, బట్టలు, పిలుపు, సావాసం, వేళ, మాలతోపాటే ఒక్కరోజులో పోతాయి. ఒకరోజు ఉత్సవానికి మనం ఎప్పుడూ సిద్ధమే. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ తీరం వెంట సుమారు మూడు లక్షల మంది యోగాసనాలు వేశారు. జూన్ 22 ఉదయం చాపలు ఎన్ని పరిచారన్నదే అసలు ప్రశ్న.

జూన్ 22 గురించి పట్టించుకున్న పరిశోధకురాలు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన కేటీ మిల్క్‌మన్. ఉత్కంఠ పుట్టించే ఆడియో నవలలను జిమ్‌లో మాత్రమే వినేలా ఏర్పాటు చేస్తే మొదట్లో హాజరు 51 శాతం పెరిగింది. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు వచ్చాయి, ఆ ఊపు కాస్తా చల్లారింది. మనకు సంక్రాంతి ఎలాగో అక్కడ అది అలాగ. 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె బృందం 61 వేల మందికి పైగా జిమ్ సభ్యుల మీద 54 రకాల నాలుగు వారాల పథకాలను పరీక్షించింది. అన్నిటికంటే బాగా పనిచేసింది పెద్ద బహుమతి కాదు. ఒకసారి డుమ్మా కొట్టాక మళ్లీ వస్తే ఇచ్చిన కొద్ది సెంట్ల విలువైన పాయింట్లు. ఇక, పథకం ముగిశాక కూడా ప్రభావం మిగిలినవి నూటికి ఎనిమిదే.

ఇదంతా చూశాక, ఎన్ని రోజులు వరసగా చేశామో లెక్క చూపే ఫోన్ యాప్‌ల మీద నాకు గౌరవం తగ్గింది. 40 రోజులు నడిచి, ఒకరోజు జ్వరంతో పడుకుంటే తెల్లారి సున్నా చూపిస్తాయి. సున్నా చూసిన మనిషి షూ విప్పేస్తాడు. పండక్కి ఊరెళ్తే వ్యాయామం ఆగుతుంది, అరిసెల మధ్య ఆగకుండా ఎలా ఉంటుంది? ఆగనివ్వండి. తిరిగొచ్చాక ఏ రోజు, ఏ వేళకు మళ్లీ మొదలో బస్సెక్కేముందే క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంటే చాలు. వేళ, చోటు రాసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ 2002లో బ్రిటన్‌లో విద్యార్థుల మీద జరిగిన ప్రయోగంలో, ఎప్పుడు ఎక్కడ చేస్తామో రాసిచ్చినవారిలో 91 శాతం ఆ వారం వ్యాయామం చేశారు. గుండెజబ్బు గురించి భయపెట్టే సమాచారం మాత్రమే చదివినవారిలో 40 శాతం కూడా చేయలేదు. ‘రోజూ నడుస్తాను’ అన్న ప్రతిజ్ఞ కంటే ‘పిల్లాణ్ని స్కూల్ బస్సెక్కించి, ఇంటికి రాకుండా అటునుంచి అటే పార్కుకెళ్తాను’ అన్నమాట గట్టిది.

సావాసం గురించి పరిశోధకులు చెప్పాల్సిన పని లేదు. హైదరాబాద్ కేబీఆర్ పార్కుకో, విశాఖ బీచ్ రోడ్డుకో ఉదయం ఆరింటికి వెళ్తే చాలు. రిటైరైన ఉద్యోగులు, వ్యాపారులు నలుగురైదుగురు బ్యాచ్‌గా నడుస్తూ రాజకీయాలు, ప్లాట్ల ధరలు, అల్లుళ్ల వీసాలు మాట్లాడుకుంటారు. రానివాడికి ఫోన్ వెళ్తుంది. నడకయ్యాక బండి దగ్గర ఇడ్లీ. నడిచి కరిగించిందంతా అక్కడే తినేస్తున్నారని కొందరు నవ్వుతారు. నేను ఇడ్లీ పక్షం. రేపు వాళ్లను మళ్లీ రప్పించేది అదే.

ఎంత చేయాలన్నదాని మీద ఎక్కువ మల్లగుల్లాలు అనవసరం. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటిది, రెండు రోజులు కండరాలకు పని, పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంతే. పదివేల అడుగుల లక్ష్యం 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. వయసు మళ్లిన మహిళల మీద అమెరికాలో జరిగిన అధ్యయనంలో 4,400 అడుగుల దగ్గరే మేలు కనిపించింది, 7,500 దాటాక ఇంకా పెరగలేదు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరుతో ఒక మాట అనుకుని మొదలుపెట్టాలి.

తేలికగా దాటేయలేని అంకె ఇంకొకటి ఉంది. 2024 జూన్‌లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో ఇది 42 శాతం, ఆడవాళ్లలో 57. ఇంటిపనిని లెక్కలోంచి తీసేశారనుకోవద్దు, అదీ కలిపే ఈ అంకె. ఆడవాళ్లకు పని లేదని దీనర్థం కాదు. స్టవ్ ముందు నిలబడి గంటలు గడిచినా గుండె వేగం పెద్దగా పెరగదు. స్వామి నాలుగింటికి లేచే ఇంట్లో, ఆయనకు భిక్ష వండడానికి మూడున్నరకే లేచిన మనిషి ఎవరో మనకు తెలుసు. పార్కులో బ్యాచ్‌గా నడిచే మగవాళ్ల ఇళ్లలో ఆ వేళకు పాలు పొంగుతున్నాయో లేదో చూసేదీ ఆమే. ఆమె కూడా నడకకు రావాలంటే వీధి దీపాలు వెలగాలి, పార్కులో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. అవి మునిసిపాలిటీ పనులు, అడుగుతూనే ఉండాలి. ఇంట్లో తేలేది మాత్రం ఇంట్లోనే తేలాలి. వారంలో మూడు రోజులు ఆమె ఐదున్నరకు గుమ్మం దాటాలంటే, ఆ మూడు పొద్దులూ పాలు కాచేదెవరో, టిఫిన్ బాక్సులు సర్దేదెవరో ఆదివారం రాత్రే మాట్లాడుకోవాలి.