ముంతలోని తోడు

కల్లు చెట్టు మీదే పులుస్తుంది. బీరు కాచాలంటే బార్లీ గింజ మొలకెత్తించాలి, ఎండబెట్టాలి, పిండిచేసి వేడినీళ్లలో నానబెట్టి తీపి దింపాలి, హాప్స్ పువ్వు వేసి మరిగించాలి, చల్లార్చి ఈస్ట్ కలపాలి. తాటికల్లుకు ఈ బాదరబందీ లేదు. తీపి చెట్టే ఇస్తుంది. దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు గాలిలోంచీ, ఈగల కాళ్ల మీదా, అన్నిటికన్నా ఎక్కువగా నిన్నటి ముంత అడుగునుంచీ వస్తాయి. పాలకు నిన్నటి పెరుగుచుక్క ఎలాగో, తాటిరసానికి ముంతలో మిగిలిన ఆ తడి అలాగ. అదే దాని తోడు.

కృష్ణా డెల్టా దిగువన తాటికి ప్రత్యేకంగా తోటలు వేసినవాళ్లు తక్కువ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లందిన నేలంతా వరికి పోయింది. తాటికి కాలవగట్టు, చేనిగట్టు, మెరక మిగిలాయి. గుడివాడలో బందరు రైలెక్కితే గుడ్లవల్లేరు, పెడన దాటేదాకా కిటికీలోంచి వరిచేలూ వాటి అంచున తాళ్ల వరసలే. దివిసీమలో అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు పోయేకొద్దీ నేల ఉప్పుదేలుతుంది, తాడు మాత్రం నిలబడే ఉంటుంది.

తాటిలో పోతు, పెంటి వేరువేరు చెట్లు. పోతుతాడుకు వేళ్లలాంటి పూగెలలు, పెంటితాడుకు ముంజల గెలలు. కల్లు రెంటికీ వస్తుంది. చెట్టు తొలిసారి గెల వేయడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇరవై. చలి వెనకబట్టిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా గీత నడుస్తుంది.

గీత అన్న మాటలోనే పనంతా ఉంది. మోకు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టి, కాళ్లకు బందం వేసుకుని, కత్తులపొదితో గీతకార్మికుడు పైకి వెళ్తాడు. పోతుగెల వేళ్లను కట్టగా కట్టి, కొన్నాళ్లపాటు కర్రతో నలిపి మెత్తబరుస్తాడు. అప్పుడుగానీ రసం దిగదు. దిగడం మొదలయ్యాక పొద్దునా సాయంత్రం ఎక్కి, గెలకొనను కాగితమంత పలచగా గీస్తాడు. గీత మందమైతే గెల త్వరగా అయిపోతుంది. గీయడం మానేస్తే కొన మూసుకుపోయి రసం ఆగుతుంది. ఆ పలచని గీతకు కావలసిన కత్తిపదును, చేతి లాఘవం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అరవై అడుగుల ఎత్తున, గాలికి ఊగే మట్టల మధ్య, ఒంటిచేత్తో చేసే ఆ పనికి దక్కాల్సిన గౌరవం ఏనాడూ దక్కలేదు.

కొనలోంచి జారే రసం నీళ్లలా తేటగా ఉంటుంది. అందులో చక్కెర సుమారు 10 నుంచి 12 శాతం. మామూలు ఏల్ బీరు కాయడానికి సిద్ధం చేసే మాల్టురసం తీపి కూడా ఇంచుమించు అంతే. ముంతలోపల సున్నం పూస్తే సూక్ష్మజీవులు చురుకెక్కలేవు, రసం తీపిగానే నిలుస్తుంది. అది నీరా. కాస్తే తాటిబెల్లం. సున్నం పూయని ముంతలో మొదటి చుక్క పడగానే పులియడం మొదలవుతుంది. ముందు లాక్టిక్ బాక్టీరియా రసాన్ని కొద్దిగా పుల్లబరుస్తుంది. వెంటనే ఈస్ట్, దానితోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు గాలిగా మారుస్తాయి. ఈ జైమోమోనాస్ యూరప్ బీరుతయారీలో సరుకు చెడగొట్టే పురుగు. కల్లులో సగం పని దానిదే. రాత్రి కట్టిన ముంతలో తెల్లారేసరికి తెల్లని నురగ, చిరుచేదు, నాలుక మీద పొడిచే గాలి ఉంటాయి. ఒక పగలు గడిచేసరికి ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. ఆపైన ఎసిటిక్ బాక్టీరియా అందుకుంటుంది. మర్నాటికి అది కల్లు కాదు, వెనిగర్‌కు దగ్గరైన పులుసు.

బెల్జియంలో దీనికి చుట్టం ఉంది. బ్రసెల్స్ పక్కన సేన్ నది లోయలో లాంబిక్ అనే బీరు కాస్తారు. మరిగిన మాల్టురసాన్ని పెద్ద పళ్లెంలాంటి తొట్టిలో రాత్రంతా తెరిచి వదిలేస్తారు. బయటినుంచి ఈస్ట్ కలపరు. గాలిలోంచి పడినవి, పాత చెక్కపీపాల్లో దాగినవి దాన్ని పులియబెడతాయి. 1900లో మొదలైన కాంతియోన్ బ్రూవరీ నేటికీ అలాగే కాస్తోంది. వేసవి గాలిలో చెడ్డ సూక్ష్మజీవులు ఎక్కువని అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే కాస్తారు. ముంతలో ఒక్కరోజులో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోయే జీవులకు అక్కడి పీపాలో ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. చలిదేశపు నిదానం అది, డెల్టా ఎండ తొందర ఇది.

మిగతా బెల్జియం ఏల్స్‌కు తోడు బయటినుంచి పెడతారు, కాకపోతే అది తరాలుగా కాపాడుకున్న ఈస్ట్. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒకే రకం ఈస్ట్‌ను వేరుచేసి పెంచడం చూపించాక ప్రపంచంలో చాలా బీర్లు ఒకే రుచికి వచ్చాయి. బెల్జియం ఈస్ట్‌లు మాత్రం అరటిపండు వాసన, లవంగం ఘాటు ఇచ్చే తమ గుణం వదులుకోలేదు. వెస్ట్‌మాల్ మఠంలో సన్యాసుల పర్యవేక్షణలో కాచే ట్రిపెల్ అనే ఏల్ 1934 నాటిది. తొమ్మిదిన్నర శాతం ఆల్కహాలున్నా చక్కెర కలపడం వల్ల తేలిగ్గా తోస్తుంది. వాలోనియా రైతులు పొలంపనివాళ్ల కోసం కాచిన సేజోన్ అనే బీరుకు వాడే ఈస్ట్ 30 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేస్తుంది. పొలంపనికీ పులిసిన పానీయానికీ ఉన్న ఈ జంట డెల్టాకు కొత్తకాదు.

ఈ ఈస్ట్‌లే ఇప్పుడు పొట్లాల్లో బీర్ కిట్‌లతోపాటు వస్తున్నాయి. కిట్ అంటే మాల్టురసాన్ని హాప్స్‌తో కాచి పాకంగా చిక్కబరిచిన డబ్బా, ఈస్ట్ పొట్లం. మామూలుగా 1.7 కిలోల డబ్బాకు కిలో చక్కెర కలిపి, వేడినీళ్లలో కరిగించి, 23 లీటర్లకు చన్నీళ్లు పోసి, ఈస్ట్ చల్లి, గాలి బయటికి పోయేదేగానీ లోపలికి రాని మూత పెడతారు. వారంలో పులియడం ఆగుతుంది. సీసాలో లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర వేసి బిరడా బిగిస్తే రెండువారాల్లో నురగ కడుతుంది. మోతాదు మించితే సీసా పగులుతుంది. గిన్నెలు, గొట్టాలు, సీసాలు అన్నీ క్రిమిరహితం చేయడమే ఇందులో అసలు కష్టం. కల్లుముంత దీనికి పూర్తిగా తిరగబడిన లెక్క: అక్కడ కడిగేస్తే తోడు పోతుంది, ఇక్కడ కడగకపోతే బీరు పోతుంది. అమెరికాలో 1978 చట్టంతో ఇంటిబీరుకు అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో డెల్టా మనిషెవరైనా కిట్ తెరిస్తే, బెల్జియం వాళ్లు డుబెల్ అనే ఏల్‌లో వేసే నల్లచక్కెర పాకం బదులు తాటిబెల్లం వేసి చూడొచ్చు. పనిచేసేది రెండింటిలోనూ కాగిన చక్కెరే.

గుడివాడలో ఆ పని కుదరదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారీ నేరం. కల్లుగీత కూడా లైసెన్సు మీదే నడుస్తుంది, గీత సహకార సంఘాల కిందో, చెట్టు కార్మికుడికే ఇచ్చే పద్ధతిలోనో. ఈ లైసెన్సు వెనక పెద్ద పోరాటం ఉంది. మద్రాసు రాష్ట్రపు మద్యనిషేధం 1953లో కొత్త ఆంధ్ర రాష్ట్రానికి వారసత్వంగా వచ్చి గీతకుటుంబాల కూడు తీసింది. గౌతు లచ్చన్న నాయకత్వాన గీతకార్మికులు సత్యాగ్రహం చేశారు. 1954 నవంబరులో ఈ గొడవ మీదే టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. నలభై ఏళ్ల తరవాత, పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి మళ్లీ మద్యనిషేధం తెచ్చారు. 1997లో తరవాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. సారా, బ్రాందీలు ఇళ్లను ఎలా కూల్చాయో ఈ డెల్టా ఆడవాళ్లకు తెలుసు, నిషేధం కోరిన వాళ్ల బాధ నిజమైనది. అయినా గెలకొన గీసేవాణ్ని, బట్టీ పెట్టి సారా కాచేవాణ్ని ఒకే గాట కట్టడం అన్యాయం.

ఇవాళ గీతకు మొదటి శత్రువు చట్టం కాదు, గొడ్డలి. గట్లు వెడల్పుచేసినచోట, చేపలచెరువులు తవ్వినచోట తాళ్లు పడుతున్నాయి. కల్లు పేరుతో మత్తుమందు కలిపిన నీళ్లమ్మే కల్తీగాళ్లు పేరు చెడగొడుతున్నారు. కొట్టేసిన చోట టెంక పాతినా అది గెల వేసేది మళ్లీ పదిహేనేళ్ల తరవాతే, ఎక్కి గీసే చేతులు అప్పటికి ఉంటేనే. సీజన్ ముగిశాక దించిన ముంతలు పాకలో ఎండిపోతాయి. మరుసటి ఏడు మొదటి గెలకు కట్టిన కొత్తముంతలో రసం రెండుమూడు రోజులు నిదానంగా పులుస్తుంది. ముంతకు తోడు పట్టాక వేగం అందుకుంటుంది.